పచ్చబండల వెబ్‌సైట్

నేను చేసిన మొట్టమొదటి వెబ్‌సైట్ ఒక నాపరాళ్ల ఫ్యాక్టరీది. కమలాపురం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో నాలుగు కోత మిషన్లు, ఒక పాలిష్ మిషన్. ఎప్పుడు వెళ్లినా రాతిపొడి సన్నగా గాలిలో తేలుతూ ఉండేది. షెడ్డులోకి రేకుల సందులోంచి పడే ఎండ ఆ పొడిలో కర్రల్లా నిలబడి కనిపించేది. దాని యజమాని మా నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు. ముస్లిం. మా రెండిళ్ల మధ్య వరసలు ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు కానీ నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆయన నాకు మామే.

అప్పుడు నేను కడపలో కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, ఒక జిరాక్స్ షాపు మేడ మీద గది అద్దెకు తీసుకుని, ఎవరైనా పని ఇస్తారేమోనని ఎదురుచూస్తున్నాను. ఎవరూ ఇవ్వలేదు. మామే ఒకరోజు మెట్లెక్కి వచ్చి, "ఏమో పాపా, అందురూ వెబ్‌సైటు వెబ్‌సైటు అంటాండారు, నాకూ ఒకటి చేసియ్యి" అన్నాడు. అది ఎందుకో ఆయనకూ తెలియదు, నాకూ సరిగా తెలియదు.

ఫోటోలు తీయడానికి వెళ్లిన రోజు పొద్దున సన్నగా తుంపర పడింది. మా వైపు అలాంటి తుంపర పడిందంటే దాన్ని ఎవరూ వానగా లెక్కపెట్టరు, గొడుగు తీయరు. కానీ ఫ్యాక్టరీ ముందర పేర్చిన రాళ్లు దాన్ని లెక్కపెట్టాయి. నిన్నటిదాకా బూడిద రంగులో ఉన్న బండలు తడిసి, నీళ్లలోంచి చూసిన వేపాకులా పచ్చగా మారాయి. మామ గనిలో ఒక పొరలో మాత్రమే దొరికే రాయి అది. పచ్చబండ అనేవాళ్లు. అరువు తెచ్చుకున్న కెమెరాతో నేను దాన్ని దగ్గరగా తీశాను. బండ మీద రెండు మూడు చినుకులు విడివిడిగా నిలబడి ఉన్నాయి. మామ స్క్రీన్ మీద ఆ ఫోటోకు ముఖం దగ్గరగా పెట్టాడు. "ఇది మన రాయేనా?" అన్నాడు.

మొదటి పేజీ నిండా ఆ ఫోటోనే పెట్టాను. కింద ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు, "పెట్రోలు బంకు ఎదురుగా" అని చిరునామా, ఉత్తరం రాయడానికి ఒక చిన్న పెట్టె. అన్నిటికంటే అడుగున, వచ్చి చూసినవాళ్ల సంఖ్య చూపించే ఒక మీటరు. అప్పట్లో అందరూ పెట్టేవాళ్లు. మామకు ఆ మీటరు ఎంతో నచ్చింది.

"అంతా అయిపోయింది మామా. ఇంక దీన్ని మళ్లీ ముట్టుకునే పని లేదు" అన్నాను. నాకు ఆ మాట బాగా గుర్తుంది.

తర్వాత పనులు వచ్చాయి. కల్యాణ మండపాలు, విత్తనాల షాపులు, పళ్ల డాక్టర్లు, మంత్రాలయంలో రెండు లాడ్జీలు. కొన్నేళ్లకు నేను సలహాలు చెప్పేదాన్నయ్యాను. ఫోనులో సరిగా కనబడకపోతే మార్చాలి, తెరుచుకోవడానికి మరీ ఆలస్యమైతే మార్చాలి, షాపులో లేని సరుకు సైటులో ఉంటే వెంటనే మార్చాలి. "షాపు బోర్డు రంగు వెలిస్తే మళ్లీ రాయించరా? ఇదీ అంతే" అని వ్యాపారస్తులకు విడమరిచి చెప్పేదాన్ని. మామ సైటు పేరు మాత్రం ఏటా గడువు రాగానే మిగతా వాటితో కలిపి పొడిగించేసేదాన్ని. అన్నేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని తెరిచి చూడలేదు. మనం కట్టిన మొదటి ఇల్లు అనుకోండి, అది ఎక్కడో నిలబడే ఉంటుందని ఒక నమ్మకం.

ఒక వేసవిలో, మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నప్పుడు మామ ఫోను చేశాడు.

"పాపా, ఒకసారి వస్తావా? ఎవురో టీచరమ్మ వచ్చి కూర్చోనుండాది. నువ్వు తీసిన ఫోటో చూపిచ్చి ఆ రాయే కావాలంటాంది."

"లేదని చెప్పు మామా."

"చెప్పినా. ఈడ ఉండాది గదా అంటాంది. ఫోనులో చూపిస్తాంది. నేనేం చెప్పాల?"

స్కూటరు మీద బయలుదేరాను. దారి పొడవునా తారురోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపించడం, దగ్గరికి పోగానే మాయమవడం. షెడ్డు చేరేసరికి మిషన్లు ఆగి ఉన్నాయి, కరెంటు లేదు. లోపల నిశ్శబ్దంగా, వెలుతురు బయటికంటే కొంచెం నీలంగా ఉంది. ఒక ప్లాస్టిక్ కుర్చీలో అరవై దాటిన ఆవిడ, ఒళ్లో గుడ్డసంచి, చేతిలో ఫోను. కోడుమూరు నుంచి వచ్చిందట. కోడుమూరు నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి కడపకు, కడప నుంచి కమలాపురం బస్సు. తెల్లారకముందే బయలుదేరింది.

"ఫోను చేస్తే ఆ నెంబరు లేదంటాది" అని నాతో చెప్పింది, ఫిర్యాదులా కాదు, దారిలో ఏమేం చూసిందో చెప్తున్నట్టు. "ఉత్తరం రాసే పెట్టెలో మూడుసార్లు రాసినా. జవాబు లేదు. పెట్రోలు బంకు కాడ దిగుతానంటే కండక్టరు బంకు యాడిదమ్మా అన్నాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేసినారంట గదా. ఇంక టీ అంగడాయన్ను అడిగి నడుసుకుంటా వచ్చినా."

ఒక్కొక్క మాటకు నా తల కొద్దికొద్దిగా వంగింది. ల్యాండ్‌లైన్ ఎప్పుడో తీసేశారు. బంకు పోయింది. ఆవిడ ఫోను నా చేతికిచ్చింది. నేను చేసిన పేజీ. పెద్ద కంప్యూటర్ల కోసం చేసినది, ఆ చిన్న తెరలో పట్టలేదు. అంచులు బయటికి పోయాయి. ఆవిడ వేలితో ఆ ఫోటోను ఇటూ అటూ జరుపుతూ, కిటికీ సందులోంచి లోపలి గది చూసినట్టు, కొంచెం కొంచెంగా చూసేదట. అయినా చినుకులు అక్కడే ఉన్నాయి. రాయి అలాగే పచ్చగా ఉంది.

"ఆ రాయి అయిపోయి శానా దినాలైందమ్మా" అన్నాడు మామ.

"మరి దీంట్లో ఉండాదే?"

మామ నావైపు చూశాడు. నేను ఫోను ఆవిడకు తిరిగి ఇచ్చేశాను.

ఆవిడ రిటైరైన టీచరు. చెల్లెలితో కలిసి ఉంటుంది. ఇంటి ముందర చిన్న వసారా వేయించుకుంటున్నారు, దానికి బండలు కావాలి. ఈ రాయే ఎందుకని అడిగాను. ఆవిడ కొంచెం సిగ్గుపడింది.

"ఎండాకాలం మా ఊర్లో ఎట్లుంటాదో నీకు తెల్సు గదా. మధ్యాన్నం కరెంటు పోతే ఇద్దరం పడుకోని ఈ బొమ్మ తెరుస్తాం. చూస్తాంటే అరికాళ్లు సల్లగా అవుతాయి. మా చెల్లెలు ఇంగోసారి చూపీ అంటాది, మళ్లీ చూపిస్తా. అట్ల దినానికి ఎన్ని మార్లు చూస్తామో. రెండేండ్ల నుంచి."

మామ ఒక్కసారిగా కుర్చీలో ముందుకు వంగాడు. "దినామూనా?"

"దినామూ."

ఆయన తన ఫోను తీశాడు. పేజీ అడుగుదాకా జరిపి ఆ మీటరు చూపించాడు. రోజూ పొద్దున నమాజు అయ్యాక ఆయన ఆ అంకె చూసుకుంటాడట. అది పెరుగుతూనే ఉంది. ఎవరో వస్తున్నారు, చూస్తున్నారు, ఫ్యాక్టరీ గడప మాత్రం ఎవరూ తొక్కడం లేదు. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. ఎవరినైనా అడగాలంటే ఏమని అడగాలి?

"అయితే ఇన్ని దినాలూ వచ్చి పోయేది మీరేనా టీచరమ్మా?"

ఆవిడ నవ్వింది. మామ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఫోను జేబులో పెట్టుకుని, "రండి, చూపిస్తా" అని లేచాడు.

ఆయన పాత జీపులో ముగ్గురం గనికి వెళ్లాం. ఊరు దాటి, తుమ్మచెట్ల మధ్య బండిబాటలో కొంతదూరం పోయాక జీపు ఆపాడు. దిగి నాలుగడుగులు వేశామో లేదో, కాళ్ల ముందర భూమి లేదు. పెద్ద గుంత, గుంత నిండా నీళ్లు. ఎప్పటివో, ఎన్ని వానలవో. అంత ఎండలో ఆ నీళ్లు కదలకుండా, ఆకాశాన్ని మోస్తూ పడుకున్నాయి. గట్టు పొడవునా కోసిన రాతి పొరలు, పేర్చి పెట్టిన దుప్పట్ల అంచుల్లా, నీళ్లలోకి దిగిపోయి మసకబారుతున్నాయి. అవతలి గట్టు మీద ఒక కొంగ. మేం రావడం అది చూసింది, ఎగరలేదు.

టీచరమ్మ అంచున ఉన్న ఒక రాయి మీద కూర్చుంది. నాకు నిద్రలో ఉన్నట్టు, ఎవరి కలలోకో పొరపాటున వచ్చినట్టు అనిపించింది.

"నీళ్ల కింద ఇంకా ఉండాదా భాయ్?" అంది ఆవిడ.

"లేదమ్మా. ఉన్నంత వరకూ తీసినాము. ఆ పొర సన్నగా అయితా అయితా వచ్చి ఒకనాడు బెత్తెడే ఉండె. దాని కింద నల్లరాయి. కూలోళ్లు గడ్డపారలు పక్కన పెట్టి నా మొగం చూసిరి. ఆ పొద్దు నేను ఈడనే, మీరు కూర్చున్న చోటనే కూర్చున్నా, పొద్దు గూకేదాకా."

"మరి ఆ ఫోటోను సైటులోంచి ఎందుకు తీసేయించలేదు మామా?" అన్నాను. "నాకొక మాట చెప్పింటే..."

"తెల్సు పాపా. బొమ్మలోనన్నా ఉండనీలే అనుకున్నా."

టీచరమ్మ ఆయన వైపు తిరిగింది. జాలిగానే చూసింది గానీ మాట దాచుకోలేదు. "నీకు బాగనే ఉండాది భాయ్. నేను మూడు బస్సులు మారినా."

మామ తల ఊపాడు. "తప్పే అమ్మా."

తప్పు ఆయన ఒక్కడిదే కాదని నాకు తెలుసు. షెడ్డుకు తిరిగి వచ్చాక, కరెంటు ఇంకా రాలేదు, నా ఫోనులోనే ఆ ఉత్తరాల పెట్టె తెరవడానికి కూర్చున్నాను. పాస్‌వర్డ్ మరిచిపోయాను. దాన్ని మార్చి లోపలికి పోయేసరికి కొంతసేపు పట్టింది. పనికిరాని ప్రకటనల గుట్ట కింద, అక్కడొకటి ఇక్కడొకటిగా, మనుషులు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. పైకి చదవమన్నాడు మామ. చదివాను.

ఎవరో బావి గట్టుకు బండలు అడిగారు. ఎవరో తమ అమ్మ జారి పడిందని, ఈ రాయి నునుపెక్కువా అని అడిగారు. ఇంకెవరో గొర్రెలకు నీళ్లు పెట్టే తొట్టి చేసిస్తారా అని. ఒకాయన రెండేళ్ల తేడాతో అదే ప్రశ్న రెండుసార్లు రాశాడు, మొదటిసారి రాసిన సంగతి మరిచిపోయాడేమో. మామ ఒక్కొక్కదానికి, వాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నట్టు, జవాబు చెప్తూ వచ్చాడు. "చేసిస్తాం, ఎందుకు చేసియ్యం. నునుపు వద్దంటే పాలిష్ తక్కువ పెట్టిస్తాం." ఎవరూ వినలేదు, టీచరమ్మా నేనూ తప్ప.

టీచరమ్మవి మూడు ఉత్తరాలు. మొదటిది "ఆర్యా" అని మొదలుపెట్టి, వసారా పొడవు వెడల్పులు, చివర పూర్తి పేరు, ఊరు. రెండోది చిన్నది, మొదటి ఉత్తరం అందిందా అని. మూడో దాంట్లో ఒక్కటే మాట ఉంది.

"ఉన్నారా?"

మామ తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. చెమటే అనుకోవాలి, అంత ఉక్కగా ఉంది. "ఉండాము తల్లీ" అన్నాడు, చాలా మెల్లగా. టీచరమ్మ తన సంచిలోకి చూస్తూ కూర్చుంది.

ఇక దాచి లాభం లేదని నేను ఫోటో సంగతి చెప్పేశాను. ఆ రోజు తుంపర పడిందని, ఆ రాయి ఎండితే మామూలు బూడిద రంగేనని. ఆవిడ నమ్మలేనట్టు చూసింది. మామ లేచి, ఒక చెంబు నీళ్లు తెచ్చి, వాకిట్లో ఆనించి పెట్టిన నల్లబండ మీద పై నుంచి పోశాడు. రాతిపొడి కొట్టుకుపోయి, బండ ఒక్క క్షణంలో బావి అడుగు నీళ్లలా నల్లగా, లోతుగా మెరిసింది. టీచరమ్మ "అబ్బ!" అంది. తర్వాత మామను ఇంకో చెంబు పోయనివ్వలేదు. అలాగే నిలబడి చూసింది. ఆ ఎండకు తడి అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చింది. నడిమిన అరచేతంత మిగిలింది, తర్వాత అదీ పోయింది. మళ్లీ మామూలు రాయి, కొంచెం నీలం కలిసిన బూడిద రంగు. ఆవిడ వంగి చేత్తో తడిమి చూసింది. పక్కన నీడలో పరిచిన ఇంకో బండ మీద చెప్పులు విడిచి నిలబడింది.

"ఇదే ఇయ్యి భాయ్" అంది. "ఎండినాంక ఎట్లుంటాదో చూసుకున్యా గదా."

వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచి అడిగింది. "పాపా, ఆ పేజీ తీసేస్తారా ఇప్పుడు?"

"తీసేయాల్సిందే కదమ్మా."

"తీసేయాల్సిందేలే. కానీ ఆ బొమ్మ..."

ఆ ఫోటో అసలుది నా దగ్గర ఇంకా ఉంది. ఆవిడ ఫోనుకు పంపించాను. తెర నిండా, అంచులు కోసుకుపోకుండా, మొదటిసారి మొత్తం ఒక్కసారిగా కనబడింది. చెల్లెలికి చూపించాలంది. మామ జీపులో ఆవిడను బస్టాండుకు తీసుకెళ్లాడు.

ఆయన తిరిగి వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నాను. రాగానే, నంబరు, చిరునామా మార్చేస్తానని, ఫోనులో పట్టేటట్టు సర్దుతానని చెప్పాను. గంట పని.

"వద్దు పాపా. అంతా తీసేయ్. ముందు నుంచీ మళ్లీ చెయ్యి."

"ఆ ఫోటో కూడానా?"

"ముందు దాన్నే తియ్యి."

ఆ నెలంతా వారానికి రెండుసార్లు వెళ్లాను. ప్రతి రాయికీ రెండు ఫోటోలు: ఒకటి ఎండినప్పుడు, ఒకటి తడిపినప్పుడు. తడిపేది మామే. చెంబు పట్టుకున్న ఆయన చెయ్యి కొన్నింటిలో పడింది. తీసేయమన్నాడు, నేను తీసేయలేదు. రాయి ఉందో లేదో ఆయనే ఫోనులో మార్చుకునేలా ఒక్కో రాయి కింద ఒక గుర్తు పెట్టాను. నేను "స్టాకు ఉంది" అని రాస్తే ఆయన ఒప్పుకోలేదు. "ఎవురు మాట్లాడతారు అట్ల? ఉండాది అని రాయి." అందుకే ఇప్పుడు ఆ సైటులో రాళ్ల కింద "ఉండాది" అనో "అయిపోయింది" అనో ఉంటుంది. ప్రతి శుక్రవారం మసీదు నుంచి వచ్చాక ఆయన షెడ్డంతా ఒకసారి తిరిగి, ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని వాటిని సరిచేస్తాడు. ఉత్తరాలు ఇప్పుడు నేరుగా ఆయన ఫోనుకే వస్తాయి. వాటికి ఆయన తన గొంతు రికార్డు చేసి జవాబులు పంపుతాడు. పాత పెట్టెలో ఉన్న వాళ్లకు కూడా, ఎన్నేళ్ల నాటివైనా సరే, ఒక్కరినీ వదలకుండా జవాబిచ్చాడు. చాలామంది ఇళ్లు కట్టుకోవడం ఎప్పుడో అయిపోయింది. గొర్రెల తొట్టి అడిగినాయన మాత్రం మర్నాడే వచ్చాడు, ఇంకా తొట్టి లేదట.

వానలు మొదలయ్యాక ఒక పని మీద కోడుమూరు వెళ్లాల్సి వచ్చింది. పని అయ్యేసరికి మధ్యాహ్నం. టీచరమ్మ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, ఆవిడ దగ్గర చదువుకోని వాళ్లు ఆ వీధిలో లేరు. వసారా పూర్తయింది. టీచరమ్మ కొంగు తల కింద పెట్టుకుని, చాప కూడా లేకుండా, బండల మీద నిద్రపోతోంది. పక్కనే వేరుశనక్కాయలు వలుస్తూ కూర్చున్న చెల్లెలు నన్ను చూసి, ఎవరని కూడా అడగకుండా, మాట్లాడొద్దని వేలు పెదవి మీద పెట్టి, నాకు చోటు చూపించింది.

కూర్చున్నాను. వీధిలో మబ్బు నీడ ఒక ఇంటి మీంచి ఇంకో ఇంటి మీదికి నింపాదిగా జరుగుతోంది. ఎక్కడో మిల్లు ఆడుతున్న చప్పుడు, అది కూడా నిద్రలో ఉన్నట్టే. నేను కూడా కాయలు వలవడం మొదలుపెట్టాను. ఎంతసేపు గడిచిందో తెలియదు.

టీచరమ్మ కళ్లు తెరవకుండానే నా గాజుల చప్పుడుకు కాబోలు, "ఎవురూ?" అంది.

"కడప నుంచమ్మా. బండల ఫ్యాక్టరీ..."

"ఓ, పాపా." అటు ఒత్తిగిలి, మళ్లీ కళ్లు మూసుకుని, సగం నిద్రలోనే అడిగింది. "అన్నం తిన్యావా?"

లేదన్నాను. చెల్లెలు ఒళ్లోని తొక్కలు దులుపుకుని లేచి లోపలికి వెళ్లింది.